కాంటా మీద బియ్యం ఒక్కటే పెట్టి, లావెందుకయ్యారంటే ఎట్లా?

సంపాదకులు గారికి,

నమస్కారం.

నేను సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గరి ఒక ఊర్లో చౌకధరల దుకాణం డీలరును. మా జనం కంట్రోల్ షాపు అంటారు. నా వయసు 54. 1998 నుంచి ఈ కాంటా నా చేతిలోనే ఉంది. పోయిన ఆదివారం మీ పత్రికలో ఊబకాయం మీద వచ్చిన వ్యాసం చదివాక రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. లావు కావడం ఎవరికి వారు చేసుకున్నదేనని, నాలుకను అదుపులో పెట్టుకుని రోజుకో గంట నడిస్తే సరిపోయేదానికి ప్రభుత్వం మీద పడి ఏడవడం దేనికని ఆ వ్యాసం సారాంశం. రాసినాయన చదువుకున్న మనిషని తెలుస్తూనే ఉంది. కానీ ఆయన ఎప్పుడూ రేషన్ క్యూలో నిలబడలేదు. నేను ఆ క్యూ ముందర 27 ఏళ్లుగా కూర్చుంటున్నా. నేను చూసింది చెప్పాలని ఈ ఉత్తరం.

మా షాపులో బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటా ఒకటి ఉంది, నేల మీద పలకలాగ ఉంటుంది. నెలలో మొదటి పదిహేను రోజులు బియ్యం ఇస్తాం. రద్దీ తగ్గాక ఆడవాళ్లు చెప్పులు విడిచి ఒక్కొక్కరే దాని మీద ఎక్కి నిలబడతారు. ఊర్లో బరువు చూసుకోవడానికి ఇంకేముంది? ఎర్ర అంకెలు వెలుగుతాయి. ఒకరిని చూసి ఒకరు నవ్వుకుంటారు, కొందరు చప్పున దిగిపోతారు. రాళ్ల కాంటా పోయి ఇది వచ్చిన కొత్తలో 45, 48, 50 అంకెలు ఎక్కువగా కనిపించేవి. ఇప్పుడు నలభై దాటిన ఆడవాళ్లలో 70, 75 మామూలైపోయింది. నేను లెక్క రాసి పెట్టుకోలేదు గానీ కళ్లు అబద్ధం చెప్పవు.

మా ఊరి నర్సు, ఏఎన్ఎం అమ్మాయి, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు ఫోన్‌లో చూపించింది. 2019-21 సర్వే అది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 30.1 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. మగవాళ్లలో 32.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లు 36.3, మగవాళ్లు 31.1. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. తెలంగాణ ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత, ఆంధ్రలో 58.8 శాతం మందికి. ఆ అమ్మాయి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూపించేదాకా నాకు తట్టలేదు. తిండి ఎక్కువై ఒళ్లు పెరిగిందంటున్నారు కదా, మరి ఆ ఒంట్లో రక్తం ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నాలుక అదుపు గురించి మాట్లాడటం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

నా షాపుకు వచ్చే ఒకామె గురించి చెబుతాను. పేరు రాయను. వయసు 41. భర్త లేడు, అత్త, ఇద్దరు పిల్లలు, తను. కార్డులో నాలుగు పేర్లు. పత్తి చేన్లకు, అల్లం తోటలకు కూలికి పోతుంది. పని దొరికిన రోజు 400 వస్తుంది. పోయిన చలికాలంలో కాంటా ఎక్కితే 81 చూపించింది. అంతకు వారం ముందే పరీక్ష చేస్తే రక్తం 8 గ్రాములుందని చెప్పారట. "అన్నా, పొద్దుగాల ఇంత అన్నం, పగటికి సద్దిల అన్నం, రాత్రికి అన్నం. మాంసం నెలకొక్కపారి. ఇంకేం తింటున్న? ఇంత లావు ఎట్లైతున్న?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర మాట లేదు. ఆమె సంచిలోకి 24 కిలోల బియ్యం పోసి పంపించాను.

తర్వాత ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయులు ఏం తినాలో చెబుతూ కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. మన దేశంలో రోగాల భారంలో 56.4 శాతం సరిలేని తిండి వల్లనేనని అందులో రాశారు. రోజుకు 2,000 కేలరీలు అవసరమైన మనిషి పళ్లెంలో ఏముండాలో గ్రాముల్లో చెప్పారు. ధాన్యం 250 గ్రాములు. పప్పులు 85 గ్రాములు, గుడ్లు, మాంసం తినేవాళ్లకు అవి కూడా ఇందులోనే. ఆకుకూరలు, కూరగాయలు 400 గ్రాములు. పండ్లు 100 గ్రాములు. పాలు 300 మిల్లీలీటర్లు. ధాన్యం నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటొద్దన్నారు.

నాకు తూకం తప్ప వేరే విద్య రాదు. అందుకని ఆ పళ్లేన్ని ఆమె కార్డు మీద లెక్కేశాను. పిల్లలకు కొంచెం తక్కువ, కూలికి పోయే మనిషికి కొంచెం ఎక్కువ ఉంటుంది, నలుగురికి కలిపి సగటున అంతే అనుకున్నాను. నలుగురికి నెలకు ధాన్యం 30 కిలోలు కావాలి. అందులో 24 కిలోలు నేను ఉచితంగా ఇస్తున్నాను. అంటే అయిదింట నాలుగు వంతులు. పప్పు 10 కిలోలు కావాలి, నా షాపులో సున్నా. మా అంగడిలో కందిపప్పు నాకు తక్కువలో తక్కువ 120కి దొరికింది, 1,200 రూపాయలు. కూరగాయలు 48 కిలోలు, కిలో 40 లెక్కన 1,920. పాలు 36 లీటర్లు, 60 లెక్కన 2,160. పండ్లు 12 కిలోలు, 80 లెక్కన 960. మొత్తం 6,240 రూపాయలు. ఇంకా నూనె లేదు, ఉప్పు, కారం, చింతపండు లేవు. ఆమెకు నెలలో పదిహేను రోజులు పని దొరికితే వచ్చేది 6,000.

బడిలో మధ్యాహ్న భోజనం ఉంది, అందులో గుడ్డు ఉంది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో పాలు, గుడ్డు, పూట భోజనం ఉన్నాయి. అవి మంచి పనులే, కాదనను. కానీ ఆమె గర్భిణి కాదు, బడిపిల్ల కాదు. 41 ఏళ్ల కూలి మనిషికి ఈ దేశం పళ్లెంలో పెట్టింది బియ్యం ఒక్కటే. ఆ బియ్యంతోనే కడుపు నింపుకుంది. కడుపు నింపుకోవడం ఆమె తప్పా?

బియ్యాన్ని తిడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. నాకు ఈ షాపు అన్నం పెట్టింది, ఊరికీ పెట్టింది. 1983లో ఎన్టీ రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు నాకు 12 ఏళ్లు. అంతకు ముందు మా ఇంట్లో తెల్ల బువ్వ అంటే దసరాకు, పీర్ల పండక్కు, ఎవరైనా చుట్టం వస్తే. మిగతా రోజులన్నీ జొన్న రొట్టె, జొన్న రవ్వ ఉడికించిన గట్క, అంబలి. మొదటిసారి మా అమ్మ సంచి నిండా బియ్యం తెచ్చిన రోజు ఇంట్లో పండగే. దొరల ఇండ్లల్లో తినేది మనం కూడా తింటున్నాం అనే ఆ మాట విలువ ఆకలి తెలియని వాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు. ఆ పథకం ప్రాణాలు నిలబెట్టింది.

కానీ దాని వెనకాల ఇంకొకటి జరిగింది. జొన్న కొనేవాడు లేడు. రెండు రూపాయలకు బియ్యం వస్తుంటే చేన్లో చెమటోడ్చి జొన్న ఎందుకు వేస్తారు? మా వైపు ఎర్ర నేలలు, చెలకలు ఎన్నో బీడు పడ్డాయి. నీళ్లున్నవాళ్లు చెరుకు, అల్లం వేశారు, లేనివాళ్లు పత్తికి పోయారు. జొన్న చేను ఉన్నప్పుడు దాంట్లోనే కంది, అనుములు, అవిసెలు, నువ్వులు ఉండేవి. గట్ల మీద, సాళ్ల మధ్య ఎవరూ విత్తకుండా మొలిచే కూరలుండేవి. గంగవాయిలి కూర, తుమ్మి కూర, చెన్నంగి, దొగ్గలి కూర, ఎలుక చెవుల కూర. మా అమ్మ కలుపు తీసి వస్తూ కొంగులో ఆ కూర తెచ్చేది, పైసా ఖర్చు లేదు. పత్తి చేనుకు మందు కొడితే ఆ కూరలన్నీ మాడిపోయాయి. మనం జొన్నను ఒక్కదాన్నే పోగొట్టుకున్నాం అనుకుంటాం గానీ, జొన్నతోపాటు పప్పు, నూనె, ఆకుకూర కూడా పళ్లెంలోంచి వెళ్లిపోయాయి. వాటి చోట బియ్యం మిగిలింది.

ఈ సంగతి మా దగ్గరి ఆడవాళ్లు నాకంటే ముందే పసిగట్టారు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత మహిళలు, 1990ల మధ్యలో సొంత రేషన్ నడిపారు. బీడు పడిన చెలకలను దున్నించి జొన్న వేయించారు, ఖర్చుకు అప్పు ఇచ్చి దాన్ని గింజల రూపంలో తిరిగి తీసుకున్నారు. ఊర్లోనే గాదెల్లో దాచి, పని దొరకని నెలల్లో పేదల ఇండ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎక్కువ పేదో ఆఫీసరు చెప్పలేదు. నేల మీద ఊరి పటం గీసి, ఇల్లు ఇల్లు చూసి ఊరివాళ్లే తేల్చారు. చదువు రాని ఆడవాళ్లు ఇది చేశారు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ప్రతి ఏడూ చలికాలంలో వాళ్ల పాత పంటల జాతర ఎడ్ల బండ్ల మీద ఊర్లు తిరుగుతుంది, మా ఊరి మీదుగా పోయినప్పుడు నేనూ షాపు మూసి నిలబడి చూశాను. ఒక బండి మీద అమర్చిన గింజల రకాల్లో సగానికి పైగా పేర్లు నాకు కూడా తెలియలేదు. గింజలు తూచి బతికేవాణ్ని, సిగ్గనిపించింది.

మా షాపు మాత్రం ఎప్పుడూ ఇట్లా బియ్యం ఒక్కదానితోనే నడవలేదు. 2013 ఉగాదికి అప్పటి ప్రభుత్వం అమ్మహస్తం అని పెట్టింది. 185 రూపాయలకు తొమ్మిది సరుకులు. కిలో కందిపప్పు, లీటరు పామోలిన్ నూనె, గోధుమలు, గోధుమ పిండి, చక్కెర, చింతపండు, ఉప్పు, కారం, పసుపు. ఆ రోజుల్లో క్యూలో అందరూ అడిగే మొదటి మాట పప్పు వచ్చిందా అనే. బియ్యం ఎటూ పోవని తెలుసు, పప్పు అయిపోతుందని భయం. పేదలకు ఏం తినాలో తెలియదని రాసేవాళ్లు ఆ క్యూను చూసి ఉంటే బాగుండేది. ఆ పథకం ఎక్కువ రోజులు నిలవలేదు. తర్వాత ఒక్కొక్క సరుకూ తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు మామూలు కార్డుకు నా కాంటా మీద బియ్యమే.

2025 ఏప్రిల్ నుంచి దొడ్డు బియ్యం పోయి సన్న బియ్యం వచ్చాయి. మనిషికి ఆరు కిలోలు. జనం సంతోషపడ్డారు, నేనూ సంతోషపడ్డాను. పేదవాడి పళ్లెంలో అందరూ తినే బియ్యం ఉండటం గౌరవం. అయితే ఒక నిజం దాచను. దొడ్డు బియ్యం ఉన్నప్పుడు చాలామంది వాటిని అమ్ముకునేవాళ్లు. అది చట్టానికి విరుద్ధం, తప్పే. కానీ ఆ డబ్బుతో కొందరు ఆడవాళ్లు అంగడిలో జొన్నలు, పప్పు కొనుక్కునేవాళ్లు, నేను చూశాను. ఇప్పుడు సన్న బియ్యం మంచిగున్నాయి, అమ్మే పని లేదు, మూడు పూటలా అదే ఉడుకుతోంది. ఆ బియ్యంలో ఇనుము కలిపిన గింజలు కూడా వచ్చాయి, వందకు ఒకటి. మొదట్లో ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేశారు. నీళ్లలో తేలినా భయం లేదని, మామూలుగానే ఉడుకుతాయని ఇంటింటికీ చెప్పాల్సి వచ్చింది. రక్తం లేదని గుర్తించి గింజలో ఇనుము కలిపిన ప్రభుత్వానికి, పక్కన ఇంత పప్పు కూడా పెట్టాలని తట్టకపోవడం నాకు బాధ.

ఇక మా ఇంటి సంగతి. మా ఆవిడకు 49. రెండేళ్ల కింద పట్నంలో ఒక ఆస్పత్రికి తీసుకుపోయాను, మోకాళ్ల నొప్పులని. బరువు 79, షుగర్ తేలింది. డాక్టరు గారు పది మంది రోగుల ముందర "నోరు కట్టుకోకపోతే నీ కాళ్లు నిన్ను మోయవమ్మా" అన్నారు. ఆమె తల వంచుకుంది. ఇంటికి వచ్చేదాకా బస్సులో మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు, మరుసటి రోజు కూడా. మూడో రోజు కళ్లు తిరిగి పడిపోయింది. నోరు కట్టుకోవడం అంటే అదే అనుకుంది పాపం.

ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన కాగితంలో ఓట్స్, ఆలివ్ నూనె, బాదం, యాపిల్, పళ్ల పేర్లు నేను ఎప్పుడూ వినని ఇంకో రెండు ఉన్నాయి. ఒక నెల కొన్నాను. నాకు షాపు ఉంది, మూడెకరాలుంది, కొడుకు కంపెనీలో పనిచేస్తున్నాడు కాబట్టి కొనగలిగాను. రెండో నెల ఆమే వద్దంది. "మీ అమ్మ తినంది నాకెందుకు, జొన్నలు తే" అంది. అంగడిలో పచ్చ జొన్నలు 55కు కిలో, గిర్నీలో పట్టించడానికి కిలోకు 5. ఇద్దరికీ నెలకు 12 కిలోలు, 720 రూపాయలు. రాత్రి రొట్టె, పగలు కొంచెం అన్నం, పప్పు పెంచడం, చాయలో చక్కెర ఆపడం. ఎనిమిది నెలలకు 72కు వచ్చింది. అక్కడ ఆగిపోయింది, ఇంకా దిగడం లేదు. షుగర్ మాత్రం తగ్గింది, మాత్ర సగమైంది.

ఆమె పట్టుదల చూశాను కాబట్టి బాధ్యత అనే మాటను నేను కొట్టిపారేయను. పెళ్లిళ్లకు పోయి లడ్డూ పక్కకు నెట్టడం, చుట్టాలు ఎగతాళి చేసినా చక్కెర లేని చాయ తాగడం చిన్న పని కాదు. ఎవరి నోటికి వాళ్లే జవాబుదారు, అది నిజం. కానీ ఆమె జవాబుదారీకి నెలకు 720 రూపాయలు ఆసరా ఉంది. తెల్లారి అయిదింటికి లేచి రొట్టె కొట్టే తీరిక ఉంది. రొట్టె చేతితో కొట్టాలి, పెంక మీద ఒక్కొక్కటే కాల్చాలి. నలుగురికి ఎనిమిది రొట్టెలంటే గంట. ఎనిమిదింటికి ఆటోలో కూలికి పోయే మనిషికి ఆ గంట ఎక్కడిది? బియ్యం పొయ్యి మీద పెడితే వాటంతట అవే ఉడుకుతాయి, ఆ లోపల పిల్లల జడలు వేయొచ్చు. మా కోడలికి రొట్టె కొట్టడం రాదు, ఆ అమ్మాయి తప్పు కాదు, వాళ్ల ఇంట్లో అప్పటికే జొన్న లేదు.

నడవమంటారు. మా ఆవిడ, ఇంకో నలుగురు ఆడవాళ్లు తెల్లారక ముందే నడకకు పోయేవాళ్లు. మా ఊరి రోడ్డు పోయి 65వ నంబరు జాతీయ రహదారికి కలుస్తుంది. బొంబాయి లారీలు తిరిగే దారి. పక్కన నడిచే చోటు లేదు, దీపాలు లేవు. ఒక రోజు లారీ గాలికి ఒకామె కాలువలో పడింది. ప్రాణం దక్కింది, నడక ఆగింది. ఇప్పుడు బడి ఆవరణలో తిరుగుతున్నారు, సెలవు రోజుల్లో గేటుకు తాళం.

మా ఊర్లో అరటిపండు కావాలంటే జహీరాబాద్ పోవాలి. కూల్‌డ్రింకు, అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కావాలంటే ప్రతి గల్లీలో దొరుకుతాయి. బడి గేటుకు 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020లోనే నిబంధన వచ్చింది. మా ఊరి బడి గేటుకు ఎదురుగా అవే వేలాడుతున్నాయి. ఆ దుకాణం నడిపే ముసలావిడ మీద నాకు కోపం లేదు, ఆమెకు అదే బతుకు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. బిస్కెట్ల మీద 18 శాతం ఉన్న పన్ను 5 అయింది, మిక్చర్, నమ్‌కీన్ మీద 12 ఉన్నది 5 అయింది. ప్యాకెట్ చేసి అమ్మే చిరుధాన్యాల పిండి మీదా 5 శాతమే. రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రధానమంత్రి గారు మన్ కీ బాత్‌లో నూనె పది శాతం తగ్గించుకోమని ప్రజలకు చెప్పారు. మంచి మాట, మా ఇంట్లో పాటిస్తున్నాం. ప్రజలకు చెప్పిన మాట పన్ను కాగితం మీద కూడా కనిపిస్తే ఇంకా బాగుండేది.

ఇంకొకటి. ఇప్పుడు లావు తగ్గడానికి సూదులొచ్చాయి. మౌంజారో అనేది 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. వారానికి ఒక సూది, వేలల్లో ఖరీదు. అది వేసుకున్నవాళ్లకు ఆకలి తగ్గి, కొంచెం తినగానే కడుపు నిండినట్టు ఉంటుందట. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, ఆకలి ఎంత వేయాలో, ఎప్పుడు చాలనిపించాలో చెప్పేది ఒంట్లోని హార్మోన్లు. అది మందుతో మారేదైతే, దాన్ని గుణహీనత అని ఎట్లా అంటాం? డబ్బున్నవాడికి అది రోగం, సూది వేస్తారు. కూలిమనిషికి వచ్చేసరికి సోమరితనం, బుద్ధి చెబుతారు. మీ వ్యాసకర్త గారు ఈ తేడాను ఒక్కసారి ఆలోచించాలని వేడుకుంటున్నాను.

కోస్తాలో తరతరాలుగా బియ్యమే తిన్నారు, వాళ్లు లావయ్యారా అని మా షాపులో ఒక మాస్టారు గారు వాదించారు. అప్పుడు దంపుడు బియ్యం, పక్కన పప్పు, చేప, రోజంతా పొలంలో నడుం వంచే పని. ఇప్పుడు పాలిష్ పట్టిన తెల్ల బియ్యం, పక్కన పచ్చి పులుసు, దున్నడానికి ట్రాక్టరు, కోతకు మిషను. బియ్యం అవే పేరుతో ఉన్నాయి గానీ వాటి చుట్టూ ఉన్నదంతా మారింది. పైగా ఆంధ్ర ఆడవాళ్ల 36.3 శాతం అంకె ఆయన వాదనకు ఏమంత బలం ఇవ్వడం లేదు.

నేను అడిగేది కొత్తదీ కాదు, అసాధ్యమూ కాదు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టంలోనే బియ్యం, గోధుమలతోపాటు జొన్న, రాగి లాంటి ముతక ధాన్యాలు కూడా హక్కుగా రాసి ఉన్నాయి. అప్పుడు కిలో రూపాయి అని ధర కూడా పెట్టారు. మాకు ఇరవై మైళ్లలో ఉన్న కర్ణాటకలో రేషన్ మీద రాగులు, జొన్నలు ఇచ్చారు. రాయలసీమలో 2023లో బియ్యం బదులు రాగులు ఇవ్వడం మొదలుపెట్టారు. మన దగ్గర సన్న వడ్లకు క్వింటాల్‌కు 500 బోనస్ ఇస్తున్నారు, ఊరూరా కొనుగోలు కేంద్రం పెడుతున్నారు. జొన్నకు 2025-26 వానాకాలం మద్దతు ధర 3,699 రూపాయలు, వడ్లకు 2,369. కాగితం మీద జొన్నదే ఎక్కువ. కానీ వడ్లు కొన్నట్టు ఊరి దగ్గరికి వచ్చి కొంటారన్న ధీమా ఉంటేనే రైతు విత్తనం చల్లుతాడు. రేషన్‌కు కావాలని ప్రభుత్వం కొంటే మా చెలకలు మళ్లీ జొన్నకు వస్తాయి, దాంట్లో కంది వస్తుంది.

కాబట్టి, మనిషికి ఇచ్చే ఆరు కిలోల్లో రెండు కిలోలు కావాలన్నవాళ్లకు జొన్నలుగా ఇవ్వండి. బలవంతం వద్దు, ఈ-పాస్ మిషన్ మీద వేలిముద్ర వేసేటప్పుడు అడిగితే చాలు. కార్డుకు రెండు కిలోల కందిపప్పు, ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దని అనడం లేదు, సగం ధరకు ఇవ్వండి. రొట్టె కొట్టే తీరిక లేదంటే జొన్న రవ్వ పట్టించి ఇవ్వండి, అన్నం లాగే గట్క ఉడుకుతుంది, ముసలివాళ్లందరికీ చేయడం వచ్చు. నా కమిషన్ కిలోల మీద వస్తుంది, ఏ గింజ తూచినా నాకు ఒకటే. ఇందులో నా లాభం ఏమీ లేదు.

పోయిన నెల ఆ 41 ఏళ్ల ఆమెకు మా ఇంటి నుంచి అయిదు కిలోల జొన్నలు ఇచ్చాను. డబ్బులు తీసుకోనంటే ఒప్పుకోలేదు, పత్తి ఏరాక ఇస్తానని నా పుస్తకంలో రాయించింది. మొన్న వచ్చి, చిన్నపిల్ల రొట్టె తినడం లేదని, తను, అత్త తింటున్నామని చెప్పింది. కాంటా ఎక్కమంటే ఇంకా ఎక్కనంది, సంక్రాంతి పోయాక చూస్తానంది.

నా షాపులో ఎడమ పక్క గోడకు గతంలో నూనె డబ్బాలు, పప్పు బస్తాలు పెట్టిన జాగా ఉంది. పదేళ్లుగా ఖాళీగా ఉంది. ఎలుకలు రాకుండా సిమెంటు చేయించాను. పాతిక బస్తాలు పడతాయి. పౌర సరఫరాల శాఖ వాళ్లు ఎప్పుడు పంపినా దించుకోవడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక చౌకధరల దుకాణం డీలరు,
జహీరాబాద్ మండలం, సంగారెడ్డి జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)